ఆనవాలు - సుందరకాండ ప్రవచనములలో ఒకటి



నిన్నటి సాయంకాలము హనుమంతుడు శింశుపావృక్షము దిగి, సీతమ్మవారి యెదుట చేతులు మోడ్చి నిలుచునంతవరకు చెప్పుకొన్నాము. నేడు అంగుళీయక ప్రదానము, అటుపిమ్మట చూడామణి. ఈ ఘట్టమును మేము ఎన్నియో యేండ్లుగా చెప్పుచున్నాము. అయినను ఇందులోని ఒక సంగతి మాకు ఈ యేడు గాని తెలియలేదు. తెలియజెప్పినది ఏ వ్యాఖ్యానమును కాదు, మేము పోగొట్టుకొన్న సెల్‌ఫోను. నవ్వకండి, చెప్పెదము.

గడచిన కొత్త అమావాస్యనాడు గవరపాలెములో నూకాలమ్మతల్లి దర్శనమునకు వెళ్లినాము. ఆనాటి రద్దీని అనకాపల్లివారికి వర్ణించి చెప్పనక్కరలేదు. ఫోనును రొంటిని దోపుకొనుట మా అలవాటు. చొక్కా తొడుగువారికి జేబున్నది, మాకేమున్నది? దర్శనము చేసికొని, కుంకుమ ధరించి, వెలుపలికి వచ్చి రొంటిని తడిమి చూడగా ఫోను లేదు. జారిపడినదో, ఎవరైన తీసినారో ఎరుగము. తెలియనిచోట ఒకరిని అనుట పాపము.

గాజులమ్ముకొను తల్లి యొకతె మా ముఖము చూచి, "ఏటి పంతులుగారూ, ఏటి పోనాది?" అని అడిగినది. సంగతి చెప్పగా తన ఫోను తీసి, "ఇంటికాడ ఎవలికైనా సేద్దుము, నంబరు సెప్పండి, నేను నొక్కుతాను" అన్నది.

నంబరు! మేము తైత్తిరీయశాఖ 82 పన్నములు అధ్యయనము చేసినవారము. సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10. సంహితలో ఎక్కడ అడిగినను అక్కడినుండి ఘన చెప్పగలము. పది అంకెలు చెప్పలేకపోయినాము. ఇంటివారి నంబరు రాలేదు, కుమారుని నంబరు రాలేదు, చివరకు మా నంబరే ఏడవ అంకె దగ్గర ఆగిపోయినది. విచిత్రమేమనగా, ఎస్.టి.డి. బూతుల కాలమున బెల్లపు మండీలో ఒక కొట్టుకుండిన టెలిఫోను నంబరు మాత్రము నాలుకపై ఆడుచుండెను. ఆ కొట్టు లేదు, ఆ షావుకారును లేడు. ఆ తల్లికి నమస్కరించి ఎండలో నడచి ఇల్లు చేరినాము.

అంతటితో పోలేదు. చైత్ర శుద్ధ పంచమినాడు ఒక గృహస్థుని తండ్రిగారి ఆబ్దికము. మంత్రము చెప్పుటకు మేము వెళ్లవలెను. పూర్వము ఇట్టివి పంచాంగమున ఎఱ్ఱ సిరాతో గుర్తు పెట్టుకొనెడివారము. ఫోను వచ్చిన తరువాత మనుమడు అందులో ఎక్కించి, ఆ ఉదయమున గంట మ్రోగునట్లు అమర్చెడివాడు. గంట మ్రోగలేదు, మేము వెళ్లలేదు. ఆ గృహస్థుడు మడి కట్టుకొని ఎదురుచూచి, ఫోను చేసి, అది పలుకక, అపరాహ్ణము దాటిపోవునను భయముతో వేరొకరిని బ్రతిమాలి పిలిపించుకొని కార్యము కానిచ్చినాడు. మరునాడు తెలిసి పరుగున పోయి క్షమాపణ కోరినాము. "పోనీయండి బాబుగారూ, తమ ఫోను పోయినది గదా" అన్నాడు. ఆ మాట మాకు మరింత నొప్పి కలిగించినది. ఫోను పోయిన పోవుగాక, తిథి పోనేల? పంచాంగము ఇంటిలో మేకుకు వ్రేలాడుచునే యున్నది. నాలుగు దినముల క్రిందటనే ఉగాదినాడు, ఇదే మండపములో, మీ అందరికిని పంచాంగ శ్రవణము చేయించినది మేమే!

పుస్తకమునందలి విద్య, పరుల చేతనున్న ధనము, పనిబడినప్పుడు అక్కరకు రావని పెద్దలు చెప్పిన మాటను ఎందరు విద్యార్థులకు చెప్పియుందుమో! శీక్షావల్లిలో ఆచార్యుడు చదువు ముగిసి యింటికి పోవు శిష్యునకు స్వాధ్యాయమున ఏమరుపాటు వలదని హెచ్చరించుచున్నాడు. చదువుకొను వానికి కాదు, చదువు ముగిసినవానికే ఆ హెచ్చరిక. అది మాకు డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట తగిలినది.

ఇక చేయవలసిన లౌకిక వ్యవహారమును మనుమడు చేయించినాడు. మీకును ఉపయోగపడును గనుక చెప్పెదము. ముందుగా సిమ్మును నిలిపివేయించి, బ్యాంకువారికి తెలియపరచవలెను. ఒకవేళ డబ్బు పోయినచో 1930 అను నంబరునకు వెంటనే చెప్పవలెను. పోలీసువారికి ఫిర్యాదు వ్రాసి యిచ్చి, దాని ప్రతి తీసికొనవలెను. ప్రతి ఫోనునకు ఐ.ఎం.ఇ.ఐ. అను 15 అంకెల సంఖ్య యుండును. మనకు గోత్రమువంటిది అనుకొనుడు, సిమ్ము మార్చినను అది మారదు. 2023 మే నెలలో దేశమంతటను అమలులోనికి వచ్చిన సి.ఇ.ఐ.ఆర్. అను ప్రభుత్వ ఏర్పాటునందు ఆ సంఖ్యను నమోదు చేసినచో ఆ ఫోను పనిచేయకుండ చేయుదురు. ఎవరైన అందులో వేరొక సిమ్ము వేసినచో ఆచూకీ తెలియును. ఆ సంఖ్య ఫోను వచ్చిన పెట్టెపై నుండును. మా యింటివారు ఆ పెట్టెలో ప్రమిదల వత్తులు దాచుకొనుటచే అది దొరకినది. పాత నంబరుతోనే క్రొత్త సిమ్ము వచ్చినది, కాని ఒక దినము వరకు దానికి సందేశములు రావు. ఫోను మాత్రము నేటి వరకు దొరకలేదు.

దొరకవలెనని ఎందులకింత ఆరాటము? వస్తువు వెల కొరకు కాదు. మాకొక సహాధ్యాయి యుండెను. తొమ్మిదవ యేట ఇరువురము ఒకే గురువుగారి పాదముల చెంత చేరినాము. ఘన జంటగా చెప్పవలసినది, అతడు ఒక ప్రక్క, మేమొక ప్రక్క. అరువది యేండ్లు అట్లే చెప్పినాము. మూడేండ్ల క్రిందట అతడు పరమపదించినాడు. అంతకు ముందటి యేడు ఈ మండపమునందే మేమిరువురము చెప్పిన ఘనను ఒక విద్యార్థి మా ఫోనులో పట్టి యుంచినాడు. తొమ్మిది నిమిషములు. ప్రాతఃసంధ్య ముగిసిన పిమ్మట ప్రతిదినము దానిని విని, అటుపిమ్మటనే కాఫీ త్రాగెడివారము. "తాతగారూ, ఇంకొకచోట దాచలేదా?" అని మనుమడు అడిగినాడు. అట్లు దాచవచ్చునని మాకు తెలియదు.

ఇప్పుడు అశోకవనమునకు రండి.

స్వామి పేరు చెక్కిన ఉంగరమును హనుమ సీతమ్మవారి చేతికిచ్చినాడు. దానిని చూచి, భర్తయే వచ్చినట్లు ఆమె సంతోషించినది. తరువాత హనుమ, స్వామికి చూపుటకు ఏదేని ఆనవాలు దయచేయుమని అడిగినాడు. అమ్మవారు వెంటనే చూడామణి తీసి యిచ్చినదా? లేదు. మొదట కాకాసుర వృత్తాంతము చెప్పినది. చిత్రకూటమున స్వామి తన ఒడిలో నిద్రించినప్పుడు కాకి వచ్చి పొడుచుట, స్వామి మేల్కొని దర్భను బ్రహ్మాస్త్రముగా విడుచుట, ఇవి వారిరువురకు దక్క మూడవవారికి తెలియవు. ఆ జ్ఞాపకమునే ముందుగా ఆనవాలుగా నిచ్చినది. ఆ తరువాతనే కొంగుముడి విప్పి మణి నిచ్చినది. హనుమ దాటవలసినది నూరు యోజనముల సముద్రము. మణి జారవచ్చును. చిత్రకూటపు కథ జారదు. శాకుంతలమున చూడుడు, తీర్థమున ఉంగరము జారినది, దుష్యంతుని జ్ఞాపకము శాపవశమున ఆ ఉంగరమునకే కట్టుబడి యుండుటచే ఇల్లాలినే ఎరుగనన్నాడు. ఈ యేడు నూకాలమ్మ జాతరలో మేము దుష్యంతులమైతిమి.

అయితే, మణి వలదని సీతమ్మ అనలేదు. ఇచ్చటనే మేము ఇన్నాళ్లు తొందరపడి, వస్తువు మిథ్య, జ్ఞానము సత్యము అని దాటిపోయెడివారము. ఆ మణిని రొమ్మునకు హత్తుకొని శ్రీరాముడంతటివాడు కన్నీరు కార్చినాడు. మణి చేతికి వచ్చిన పిమ్మట కూడ, సీత యేమన్నదో చెప్పుమని హనుమను మరల మరల అడిగినాడు. ఆయనకు రెండును కావలసివచ్చినవి.

శీక్షావల్లి మొదటనే వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము అని ఆరు చెప్పబడినవి. ఈ ఆరింటిని గురువు నోటినుండి శిష్యుడు అందుకొనును. మా సహాధ్యాయి చెప్పించిన పిల్లలు ఇద్దరు ఇక్కడనే యున్నారు, ముందు వరుసలో. వారి నోట స్వరము ఆతనిదే, మాత్ర ఆతనిదే. ఇన్ని తరములుగా వేదము అట్లే నిలిచినది. కాని కంఠధ్వని ఆ ఆరింటిలో లేదు. మా గురువుగారి గొంతు నేడెవరికి తెలియును? ఆయన గురువుగారి గొంతు మేమును ఎరుగము. మన సంప్రదాయము అన్నిటిని దాచి, గొంతును మాత్రము విడిచిపెట్టినది. ఆ విడిచినదానిని తొమ్మిది నిమిషములు పట్టియుంచినది ఆ యంత్రము. కనుక దానిని నిందించుటకు మాకు నోరు రాదు. మీలో ఎవరి యొద్దనైన ఆనాటి ఘన ఏ కొంచెమైన ఉన్నచో కార్యాలయములో తెలుపగోరెదము.

క్రొత్త ఫోను వచ్చినది. ఆబ్దికముల తిథులు మాత్రము మరల ఎఱ్ఱ సిరాతో పంచాంగముననే వ్రాయుచున్నాము. కుమారుని నంబరును క్రమపాఠముగా వల్లించినాము, మొదటి అంకె రెండవది, రెండవది మూడవది, మూడవది నాలుగవది, ఇట్లు. మూడు దినములలో వచ్చినది. ఇంటివారి నంబరును జటగా కూడ చెప్పగలము, అడిగి చూడవచ్చును. ప్రసాదము తీసికొనుటకు లేచునప్పుడు మీరును ఫోను తెరువక మీ బిడ్డల నంబరు ఒకటి ప్రక్కవారికి చెప్పి చూడుడు. రేపటి సాయంకాలము అశోకవన భంగము.