ఎండ, నురగ, బూజు



శాలువా కప్పుతూ కార్యదర్శి గారు నా చెవిలో ఒక మాటన్నారు: "డాక్టరు గారూ, మన పల్నాడు నీళ్ళ సంగతి గట్టిగా చెప్పండి, జనానికి కిడ్నీలు పోతున్నాయి." ఆయన మీద గౌరవంతోనే అంటున్నాను, ఇవాళ నీళ్ళ సంగతి చెప్పను. బొల్లాపల్లి, వినుకొండ వైపు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నమాట నిజమే. అది పళ్ళకి గార పట్టిస్తుంది, ఎముకల్ని పాడుచేస్తుంది. శ్రీకాకుళం ఉద్దానంలో ఇంటికొకరు చొప్పున కిడ్నీ రోగులు ఉన్న ఊళ్ళున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. దాని కోసమే పలాసలో 2023 డిసెంబరులో ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ తెరిచారు. ఆ కథ వేరు. ఇప్పుడు నేను చెప్పబోయే జబ్బు బోరు నీళ్ళు తాగినా వస్తుంది, సీసా నీళ్ళు తాగినా వస్తుంది. మనకొక అలవాటుంది. ఇంట్లో ఒకరు మంచాన పడితే ముందు బోరుని తిడతాం, తర్వాత యూరియా వేసిన బియ్యాన్ని తిడతాం, ఆఖరికి కోడల్ని తిడతాం. నవ్వకండి, మూడోది నా ఓపీలో వారానికొకసారి వింటాను.

ఆ జబ్బు పేరు లూపస్, అంటే లాటిన్‌లో తోడేలు. ఆ పేరెందుకు పెట్టారో చెప్పాలంటే పది నిమిషాలు పడుతుంది, ఉపయోగం సున్నా. ఒంటిని కాపాడాల్సిన కాపలాదార్లే ఒంటి మీద తిరగబడటం, అంతే. దాయాదుల పోరు. పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడికి ఇంత దగ్గరలో నిలబడి మీకు దాయాదుల పోరు వివరించే సాహసం నేను చెయ్యను. ఒక్క తేడా చెప్తాను. ఈ యుద్ధంలో నాగమ్మ ఎవరో మాకింకా పూర్తిగా అంతుపట్టలేదు. కోడిపందెం ఏదో మాత్రం కొంత తెలుసు. ఎండ.

అవునండీ, ఎండే. రెంటచింతల పేరు ప్రతి మే నెలలోనూ పేపర్లో చూస్తారుగా, ఆ ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి చర్మంలోని కణాలు చితికిపోయి, లోపలి సరుకు బయటపడుతుంది. మామూలు మనిషిలో దాన్ని ఊడ్చేసే ఏర్పాటుంది. లూపస్ ఉన్న మనిషిలో ఆ సరుకుని చూసి సైన్యం శత్రువనుకుంటుంది. మన సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ రెండూ కలిసిన ముద్దలు రక్తంలో తిరిగి తిరిగి కిడ్నీ జల్లెడలో ఇరుక్కుంటాయి. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, ఎక్కువమంది పదిహేనుకీ నలభై అయిదుకీ మధ్య వయసువాళ్ళు. మిరపకోతల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో వంగి ఉండేది ఎవరు? వాళ్ళే. ఎండ ఒక్కటే జబ్బు తెస్తుందని నేననటం లేదు. నిద్రపోతున్నదాన్ని లేపుతుంది.

ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ ఎర్రగా పాకుతుంది చూడండి, దాన్ని మన ఊళ్ళో మంగు అంటారు. మంగుకని మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇస్తారు. అందులో ఏముంటుందో తెలుసా? స్టెరాయిడ్. తెల్లబడటానికి ఏడాది పొడుగునా మొహానికి స్టెరాయిడ్ రాసుకున్నవాళ్ళే, ప్రాణం నిలవడానికి నేను బిళ్ళ రాస్తే "అమ్మో స్టెరాయిడా!" అంటారు. దాని సంగతికి మళ్ళీ వస్తాను, నాకు కోపం వచ్చే విషయం కాబట్టి కాస్త నీళ్ళు తాగి వస్తాను.

ముందు నురగ. లూపస్ ఉన్నవాళ్ళలో సగానికి అటూ ఇటూగా కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీకి నోరు లేదు, నొప్పి రాదు. నడుం పట్టేస్తే "కిడ్నీలేమో" అని పరిగెత్తుకొస్తారు, ఎక్కువసార్లు అది నడుమే. మూత్రం నురగ కట్టి, పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బి, చెప్పులు బిగుతయితే మాత్రం ఇంట్లోనే ఉండి "వేడి చేసింది" అంటారు. ఈ వేడి అనే మాట మన జిల్లాలో ఎంతమందిని డయాలసిస్ దాకా తీసుకొచ్చిందో! వేడికని బార్లీ, వేడికని సబ్జా, వేడికని కొబ్బరిబోండాలు. కిడ్నీ మందగించిన మనిషికి కొబ్బరినీళ్ళలో పొటాషియం గుండె మీదకి తెస్తుందని ఎవరూ చెప్పరు. ఒళ్ళునొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర నొప్పిబిళ్ళలు, అవి ఇంకో దెబ్బ. ఆ నురగ వేడి కాదమ్మా, ప్రొటీను. తెల్లసొన గిలక్కొడితే నురగ వస్తుందా రాదా? అదే ఇదీ. చిన్న పట్టీ ముంచి చూస్తే నిమిషంలో తెలిసే సంగతి.

ఆ తర్వాత బయాప్సీ. "సూది గుచ్చితే కిడ్నీ పోతుందట కదండీ?" పోదు. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల జల్లెడలుంటాయి. మేం తీసే దారప్పోగంత ముక్కలో పది ఇరవై వస్తాయి. కాస్త రక్తం కారే ప్రమాదం ఉంది, అందుకే ఆ రోజంతా పడుకోబెడతాం. ఆ ముక్క చూడకుండా మందు రాయడమంటే కళ్ళకి గంతలు కట్టుకుని అద్దంకి బస్సెక్కడం. ఒకటి నుంచి ఆరు దాకా తరగతులున్నాయి. మూడూ నాలుగూ అయితే గట్టి మందులు పడాలి. ఆరంటే మచ్చ తప్ప ఇంకేమీ మిగలలేదని.

ఇప్పుడు స్టెరాయిడ్. గురజాల దగ్గర ఊరు, ఇరవై రెండేళ్ళ అమ్మాయి. రెండు నెలల్లో వాపు దిగింది, ప్రొటీను సగమయింది. మొహం మాత్రం గుండ్రంగా వచ్చింది. పెళ్ళిచూపులున్నాయి. పక్కింటావిడ "స్టెరాయిడ్ ఎముకలు తినేస్తుంది, ఆపెయ్" అంది. ఆపేసింది, ఒక్కరోజులో, మొత్తం. బిళ్ళ వేసుకున్నంతకాలం మన అడ్రినల్ గ్రంథులు సెలవు పెట్టి ఉంటాయి. బిళ్ళ హఠాత్తుగా మానితే అవి వెంటనే పనిలోకి రావు, మనిషి కుప్పకూలుతుంది. కొద్దికొద్దిగా తగ్గించేది అందుకే. నాలుగు నెలలకి ఆటోలో తీసుకొచ్చారు. బతికింది, కానీ అంతకుముందు కాపాడిన కిడ్నీలో కొంత పోయింది. పక్కింటావిడ పలకరించడానికి ఆసుపత్రికి కూడా వచ్చింది. బోండాలు పట్టుకుని.

స్టెరాయిడ్‌కి ముందు రోజులెలా ఉండేవో తెలియకనే ఈ భయం. 1948 సెప్టెంబరులో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మొదటిసారి ఒక కీళ్ళవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చాడు. అదే సంవత్సరం అదే మేయోలో హార్‌గ్రేవ్స్ లూపస్‌ని పట్టిచ్చే ఎల్.ఈ. కణాన్ని చూశాడు. ఆ తర్వాత కూడా, 1950లలో, లూపస్ అని తేలినవాళ్ళలో నాలుగేళ్ళు బతికింది సగంమందే.

1948 అనగానే వెనక వరుసలో ఎవరో "ఎల్లాప్రగడ సుబ్బారావు!" అన్నారు. విన్నాను. ఆ వాట్సాప్ సందేశం నాకూ వచ్చింది, లూపస్‌కి మందు కనిపెట్టిన తెలుగువాడు అని. సుబ్బారావు గారు భీమవరంలో పుట్టినవాడు, 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో పోయాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దానికి ఎదురు మందులూ చేసింది. మెథోట్రెక్సేట్ వాటిలోదే. లూపస్ కీళ్ళనొప్పులకి వాడతాం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం అది పోగుపడి విషమవుతుంది, దగ్గరికి రానివ్వం. ఆయన చేసిన పనులే ఆయనకి చాలు, చెయ్యనివి అంటగట్టి చిన్నబుచ్చకండి.

నన్నడిగితే అసలు కథ బూజుది. ఇది నాకిష్టమైన కథ, మా జూనియర్లు ఇది మొదలెట్టగానే టీకి లేచిపోతారు. మీరు లేవలేరు, శాలువా మీరే కప్పారు.

1893. ఇటలీ. అక్కడి బీదరైతులకి మూడు పూటలా మొక్కజొన్న సంకటే గతి. వాళ్ళకి పెల్లాగ్రా వచ్చేది. చర్మం మాడిపోవడం, విరేచనాలు, ఆఖరికి మతి చెడటం. బార్టోలోమియో గోసియో అనే డాక్టరు ఇది బూజు పట్టిన మొక్కజొన్న తినడం వల్లనే అనుకుని, ఆ బూజుని పెంచి, దాన్నుంచి స్ఫటికాలు తీశాడు. ఆంత్రాక్స్ క్రిమి మీద వేస్తే దాని పెరుగుదల ఆగిపోయింది. ఫ్లెమింగ్ పెన్సిలిన్ చూడటానికి ముప్పై అయిదేళ్ళ ముందు మాట ఇది! ఎవరూ పట్టించుకోలేదు. పైగా ఆయన అనుకున్నది తప్పు. పెల్లాగ్రా బూజు వల్ల రాదు, నయాసిన్ అనే విటమిన్ అందక వస్తుంది. మన దక్కనులో జొన్నకూడు తినేవాళ్ళకీ వచ్చేది. 1960లో హైదరాబాదులో గోపాలన్ గారూ, ఆయన సహచరులూ జొన్నలోని లూసిన్‌ని అనుమానించి పరిశోధన రాశారు. పల్నాటి జొన్నకూడు తిని శ్రీనాథుడు ఎంత విసుక్కున్నాడో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన విసుగుకి వైద్యశాస్త్రంలో కొంత ఆధారం ఉందని మాత్రం మనవి.

సరే, ఆ స్ఫటికం. 1913లో అమెరికాలో ఇద్దరు మళ్ళీ తీసి మైకోఫినోలిక్ యాసిడ్ అని పేరు పెట్టి, మళ్ళీ అటకెక్కించారు. దాన్ని దింపినవాడు ఆంథొనీ అలిసన్. సికిల్ సెల్ లక్షణం ఉన్నవాళ్ళని మలేరియా అంతగా ఏమీ చెయ్యలేదని 1954లో చూపించిన ఆయనే. ఒక రకం పుట్టుకలోపం ఉన్న పిల్లల్లో లింఫోసైట్లు మాత్రమే చచ్చిపోవడం గమనించి, ఆయనా, ఆయన భార్య ఎల్సీ యూగీ ఒక లెక్క వేశారు. తక్కిన కణాలు పాత ఇటుకలు ఏరుకుని ఇల్లు కట్టుకోగలవు, లింఫోసైటు మాత్రం ఎప్పటికప్పుడు కొత్త ఇటుక కాల్చుకోవాలి. ఆ బట్టీ ఒక్కటి ఆపితే? బూజులోంచి వచ్చిన ఆ స్ఫటికం చేసే పని అదే. 1995లో మైకోఫినోలేట్ పేరుతో కిడ్నీ మార్పిడికి మందుగా వచ్చింది. 2000లో హాంకాంగ్‌లో 42 మంది లూపస్ రోగులతో పరీక్షించి చూశారు. 2009లో 370 మందితో పెద్ద పరీక్ష. మైకోఫినోలేట్‌తో నూటికి 56 మంది తేరుకున్నారు, పాత సైక్లోఫాస్ఫమైడ్‌తో 53 మంది. రెండూ సమానమే అన్నమాట. అయితే సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కువ మోతాదు పడితే అండాశయాలు ఎండిపోతాయి. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ తేడా చిన్నదా?

చీటీ వచ్చింది. "పది నిమిషాలు." మరి బూజు కథ దగ్గరే ఆపాల్సింది కదండీ నన్ను. తొందరగా చెప్తాను.

హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియా మందుల కుటుంబం. 2020లో కరోనాకని జనం డబ్బాలు డబ్బాలు కొనేస్తే లూపస్ రోగులకి దొరక్క అల్లాడారు. కరోనాకి అది పనిచెయ్యదని తేలింది, లూపస్‌కి ఇప్పటికీ పునాది అదే. ఏడాదికోసారి కంటి పరీక్ష, అంతే.

కొత్తవి. బెలిముమాబ్, కిడ్నీ లూపస్‌కి అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతి. రెండేళ్ళు వాడితే నూటికి 43 మందికి మెరుగు, అది లేకుండా 32. పేపర్లో "సంజీవని" అని రాశారు, తేడా పదకొండు. వోక్లోస్పోరిన్, 2021 జనవరి. ఏడాదికి 41, అది లేకుండా 23. ఆ పరీక్షలో స్టెరాయిడ్‌ని పదహారు వారాల్లోనే రోజుకి రెండున్నర మిల్లీగ్రాములకి దించేశారు, పక్కింటావిడకి ఈ ముక్క చెప్పండి. దాని వరస మందే టాక్రోలిమస్, మన దగ్గర చవగ్గా దొరుకుతుంది. బి కణాలని తుడిచేసే ఒబినుటుజుమాబ్‌కి 2025 అక్టోబరులో అనుమతి వచ్చింది. దానికి అన్నలాంటిది రిటుక్సిమాబ్. దాని చవకరకాన్ని 2007లో ప్రపంచంలో అందరికంటే ముందు తెచ్చింది హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్. పెద్ద పరీక్షలో అది గెలవలేదు, అయినా మొండి కేసుల్లో మేం వాడుతూనే ఉన్నాం. ఎందుకో ఇంకోసారి.

కార్-టీ. జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్ళో, ఇరవయ్యేళ్ళ అమ్మాయి టి కణాలే తీసి, కొత్త విద్య నేర్పి, తిరిగి ఎక్కించారు. 2021లో ప్రచురించారు. ఆ తర్వాత మరి కొందరికి చేస్తే మందులన్నీ మానేసి తిరుగుతున్నారు. ముంబై ఐఐటీలో పుట్టిన కార్-టీకి 2023లో మన దేశంలో రక్తపు క్యాన్సర్లకి అనుమతి వచ్చింది. "నరసరావుపేటకి ఎప్పుడొస్తుంది?" ముందు ఆ పట్టీ పరీక్ష రానివ్వండి మహాప్రభో.

పెళ్ళి, పిల్లలు. చేసుకోవచ్చు, కనొచ్చు. జబ్బు కనీసం ఆరునెలలు నెమ్మదించాక, మైకోఫినోలేట్ మానేసి అజాథయోప్రిన్‌కి మారాక. ఎప్పుడు మారాలో మాకు వదిలెయ్యండి, మీ అత్తగారికి కాదు. అంటువ్యాధా? కాదు. పసరు వాడొచ్చా? వద్దు. ఎందుకని నన్నడక్కండి, ఇంకో చీటీ వస్తోంది.

బయట టీ బల్ల పక్కన మా ల్యాబ్ కుర్రాడు పట్టీల డబ్బా పెట్టుకు కూర్చున్నాడు. హాలు వెనకే బాత్రూములున్నాయి. మొహం మీద మచ్చ ఉన్నా, కాళ్ళు ఉబ్బినా, నురగ వస్తున్నా, టీ తర్వాత తాగొచ్చు.