తనఖా యింటిలో వాటా మార్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చి ప్రసంగించుట ఆచారము. నేను మాత్రము దస్తావేజులను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు కార్యదర్శిగారి యనుమతి పొందితిని. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయము కేవలము కాలక్షేపమునకు చోటు గాదు, లోకజ్ఞానమునకు పాఠశాల. ఎంత చదివినను, తన సంతకము ఏ కాగితముపై ఏల పెట్టుచున్నాడో యెరుగనివాని చదువు సగము చదువే. నా చదువు చాలకాలము అట్టి సగము చదువే యని మొదటనే యొప్పుకొనుచున్నాను.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో నిజాంసాగరు నీరు పారు పొలములు కొన్ని. వానను, బోరును నమ్మిన పొలములు మరికొన్ని. బోరు ఎండినపుడును, ఆడపిల్ల పెండ్లి కుదిరినపుడును, గల్ఫ్ దేశమునకు పోవుటకు వీసా సొమ్ము కావలసినపుడును మొదట తాకట్టునకు పోవునది యిల్లు. పిదప ఆ యింటిలోనే అన్నదమ్ముల పంపకము వచ్చును. అప్పుడు ఒకరు "నా వాటా నీవు తీసికొనుము, అప్పు నీవే కట్టుము" అందురు. రెండవవారు సరే యందురు. నలుగురు పెద్దలు తెల్లకాగితముపై వ్రాళ్లు చేయుదురు. ఇంతటితో పని ముగిసినదని యెల్లరు తలంతురు. నేనును అట్లే తలంచితిని.

మా తండ్రిగారు స్వార్జితముతో కట్టిన యిల్లు అది. తల్లిదండ్రులు గతించిన తరువాత నాకును, తమ్మునికిని, చెల్లెలికిని తలా మూడవవంతు సంక్రమించినది. 1997లో తమ్ముడు గల్ఫ్ ప్రయాణము కట్టగా, ముగ్గురము సంతకములు చేసి యిల్లు తనఖా పెట్టితిమి. 1999లో వాడు సెలవుపై వచ్చి, "అన్నా, పని కుదురుగా లేదు. నా వాటా నీకే వదలుచున్నాను, మిగిలిన అప్పు నీవు చూచుకొనుము" అన్నాడు. పెద్దల సమక్షమున కాగితము వ్రాసికొంటిమి. 2002లో తమ్ముడు పరదేశముననే మరణించినాడు. మరదలికి ఇద్దరు పసిపిల్లలు. నేను అప్పంతయు తీర్చి, దస్తావేజులు తెచ్చి పెట్టెలో పెట్టి, యింటిలో మూడింట రెండు వంతులు నావేయని ధైర్యముగా నుంటిని.

కొన్నియేండ్లకు ఇల్లు విప్పి కట్టదలచి న్యాయవాదిని సంప్రదింపగా ఆయన ఆ తెల్లకాగితమును చూచి, "దీనివలన వాటా మీకు రాలేదు. అది మీ మరదలిది, ఆమె బిడ్డలది" అని చెప్పెను. నాకు కోపము వచ్చినది. మరదలు "బావగారూ, మీరు అప్పు కట్టినది నిజమే. ఇల్లు నా పిల్లలదన్నదియు నిజమే గదా" అన్నది. ఆ మాటపై అయిదేండ్లు మా రెండు కుటుంబములకు రాకపోకలు లేవు. ఒకే గోడకు అటు వారు, ఇటు మేము.

ఈ గ్రంథాలయములో ఆస్తి బదలాయింపు చట్టమునకు తెలుగు వివరణ యొకటి యుండెను. మరదలిపై గెలుచుటకే దానిని విప్పితిని. చదివిన కొలదియు తప్పు నాదని తెలిసినది. అందు నేను నేర్చిన సంగతులను వరుసగా విన్నవింతును.

మొదటిది: యాజమాన్యము వేరు, అప్పు వేరు. తనఖా పెట్టినంత మాత్రమున యిల్లు పరులది కాదు, యజమాని యజమానియే. కావున తనఖాలో నున్న యింటి వాటాను సైతము దానముగా నీయవచ్చును, అమ్మవచ్చును, తోడి వాటాదారునికి వదలుకొనవచ్చును. కాని ఆ వాటాతోపాటు తనఖా భారము కూడ వెంట వచ్చును. అప్పుపత్రముపై సంతకము చేసినవాడు వాటా వదలుకొన్నంత మాత్రమున ఋణవిముక్తుడు కాడు. అప్పు ఇచ్చినవారు వ్రాతపూర్వకముగా అతనిని విడిచిపుచ్చవలెను. వాటా పోయినది, అప్పు మిగిలినది యన్న దురవస్థ యిందువలననే కలుగుచున్నది.

రెండవది: దస్తావేజు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము స్థిరాస్తి దానమునకు రిజిస్టరైన పత్రము, ఇరువురు సాక్షుల సంతకములు ఉండవలెను. దాత జీవించియుండగనే గ్రహీత స్వీకరింపవలెను. నూరు రూపాయలకు తక్కువ గాని విలువగల వాటాను వదలుకొను పత్రము సైతము 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు కావలెను. మహమ్మదీయ ధర్మశాస్త్రము ననుసరించి జరుగు హిబాకు నియమములు వేరు. ఇంటి పన్ను రసీదులో పేరు మారినంతనే హక్కు మారినట్లు గాదు.

మూడవది: అప్పు ఇచ్చినవారి అంగీకారము. బ్యాంకు ఋణపత్రములలో, తమ అనుమతి లేక ఆస్తిని బదలాయింపరాదను షరతు సాధారణముగా నుండును. వాయిదాలు తప్పి, 2002 నాటి సర్ఫాసీ చట్టము క్రింద బ్యాంకు నోటీసు వచ్చిన పిదప, వారి వ్రాతపూర్వకానుమతి లేక ఆ యింటిని అమ్ముటకు గాని యితర విధముల బదలాయించుటకు గాని వీలు లేదు. కావున ముందు బ్యాంకు, పిదప సబ్ రిజిస్ట్రారు కార్యాలయము.

నాలుగవది: సగము అప్పు కట్టి సగము యిల్లు విడిపించుకొందుననుట సాధారణముగా చెల్లదు. తనఖా అఖండము. అయితే ఒక వాటాదారుడు మొత్తము అప్పు తీర్చి యిల్లు విడిపించినచో, మిగిలినవారి వంతు సొమ్మును వారినుండి రాబట్టుకొను హక్కు అతనికి కలదు. ఈ యొక్క నియమమే నా కన్నులు తెరచినది. నేను అప్పు కట్టుటవలన నాకు వచ్చినది తమ్ముని వంతు సొమ్ముపై హక్కు. తమ్ముని గోడలపై హక్కు గాదు.

అయిదవది: స్త్రీలు, పిల్లలు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేక చనిపోయిన తండ్రి స్వార్జితములో కుమార్తెకు కుమారునితో సమాన భాగము. భర్త వాటాలో భార్యకును, బిడ్డలకును భాగము. మైనరు బిడ్డల వాటాను తల్లియైనను కోర్టు ముందస్తు అనుమతి లేక అమ్మరాదు. "ఆడవారికేమి తెలియును, సంతకము పెట్టుమనుము" అను మాట మన యిండ్లలో ఇకనైనను వినబడరాదు.

ఆరవది: అవిభక్త కుటుంబపు నివాసగృహములో ఒకని వాటాను బయటివాడు కొన్నచో, అతడు యింటిలో జొరబడి కలసి కాపురము చేయు హక్కు పొందడు. అతడు పంపకమునకు దావా వేసినచో, 1893 నాటి పంపకపు చట్టము ప్రకారము ఆ వాటాను కోర్టు కట్టిన విలువకు కొనుటకు కుటుంబీకులు కోరవచ్చును.

ఇవి చదివిన నాటి సాయంకాలము నేనే మరదలి గడప తొక్కితిని. ఆనాడు నాలుగేండ్ల వాడైన పిల్లవాడు ఇప్పుడు నాకంటె పొడవైనాడు. లెక్క వ్రాసికొంటిమి: యింటి విలువలో మూడవవంతు, అందుండి నేను కట్టిన అప్పులో వారి వంతు తీసివేయగా మిగిలినది వారికి రావలసినది. దానిని వాయిదాలుగా చెల్లించితిని. పిల్లలిద్దరును మేజరులైన తరువాత, 2018లో, మరదలును బిడ్డలును సబ్ రిజిస్ట్రారు ఎదుట తమ యిష్టపూర్వకముగా సంతకములు చేసిరి. బయటకు వచ్చి హోటలులో చాయ త్రాగితిమి. పదునారేండ్ల క్రిందటనే చేయదగిన పని అది.

కడపట నాలుగు సూచనలు. వాటా మార్చుకొనుటకు ముందు ఋణభార ధృవపత్రము, అనగా ఇ.సి., తీసి చూడుడు. అందు రిజిస్టరైన వ్యవహారములే కనబడునని మరువకుడు. అప్పు నిల్వ ఎంతయో వ్రాతమూలకముగా తెప్పించుకొనుడు. ఎవరు ఎంత కట్టవలెనో దస్తావేజులోనే వ్రాయించుడు. అప్పు పూర్తిగా తీరిన పిదప బ్యాంకు 30 దినములలో అసలు దస్తావేజులు తిరిగి యీయవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. 2023 డిసెంబరు 1 నుండి, తమ వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారము చెల్లింపవలెను. అడిగి తెచ్చుకొనుడు.

నమ్మకము ఉన్నచోట కాగితమెందుకని మనవారందురు. నమ్మకము ఉన్నపుడే కాగితము వ్రాసికొనవలెను. అది పోయిన నాడు వ్రాయువారుండరు. మా తమ్ముడు నన్ను నమ్మినాడు, నేను వానిని నమ్మితిని. మా యిరువురి నమ్మకమును వాని బిడ్డలకు అందజేయగల పత్రమే లేకపోయినది.

ఆ పుస్తకము నేటికిని మూడవ బీరువాలో నున్నది. అట్టలు సడలినవి. రజతోత్సవ నిధినుండి దానికి క్రొత్త బైండింగు చేయింపుడని నిర్వాహకులను కోరుచున్నాను.