తల్లిపక్షిని విడిచిపెట్టే వ్యాపారం



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో పక్షిగూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలి. తీసుకోవద్దని దేవుడు అనలేదు, రేపటికి మిగలకుండా తీసుకోవద్దన్నాడు. ఈ రోజు మనం మాట్లాడుకునే అటవీ ఉత్పత్తుల ధ్రువీకరణకు మూలం ఇదే. అడవి ఎండిపోకుండా, ఏరినవారికి అన్యాయం జరగకుండా ఈ సరుకు వచ్చిందని బయటివారు వచ్చి పరీక్షించి ఇచ్చే సాక్ష్యమే ఆ సర్టిఫికెట్.

ఇది మనకెందుకు? ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి వైపు చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు కొండ మీద ఏరేది ఎక్కువగా ఆదివాసీ అక్కచెల్లెళ్లు. సంతలో కొని పట్నానికి పంపేవారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కాబట్టి త్రాసు మన చేతిలో కూడా ఉంది.

మహారాష్ట్రలో జరిగిన ఒక పని చూడండి. పుణె జిల్లా భీమశంకర్ ప్రాంతంలో మహాదేవ్ కోలీ ఆదివాసులు కరక్కాయ, తానికాయ ఏరుతారు. పెద్ద తానిచెట్ల తొర్రల్లో హార్న్‌బిల్ పక్షులు గూళ్లు పెడతాయి. కలపకోసం ఆ చెట్లు కొట్టేస్తే కాయా పోతుంది, పక్షీ పోతుంది. పుణెకు చెందిన ఏఈఆర్ఎఫ్ అనే సంస్థ గ్రామస్థులతో కలిసి ఫెయిర్‌వైల్డ్ అనే ధ్రువీకరణ సాధించింది. ఆ కాయలు ఇంగ్లండులోని ఒక మూలికా టీ కంపెనీకి వెళ్లాయి. ఫెయిర్‌వైల్డ్ నియమాలు రెండు వైపులా చూస్తాయి: చెట్టు మళ్లీ కాయాలి, ఏరినవారికి న్యాయమైన ధర, ఊరికి కొంత నిధి అందాలి. నిలబడిన చెట్టే ఎక్కువ విలువైనదని తేలితే గొడ్డలి దానంతటదే ఆగుతుంది.

చిన్న వ్యాపారికి ఇది ఎందుకు కష్టం? మొదటిది ఖర్చు. 1993లో మొదలైన ఎఫ్ఎస్‌సి, అంటే ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్, సర్టిఫికెట్ అయిదేళ్లు ఉంటుంది గాని ప్రతి ఏడూ తనిఖీ ఉంటుంది. ఒక చిన్న విస్తరాకుల యూనిట్ ఆ ఫీజు ఒంటరిగా మోయలేదు. అందుకే గ్రూపు సర్టిఫికెట్ అనే దారి ఉంది. చిన్న యూనిట్లు కొన్ని కలిసి ఒక కేంద్ర కార్యాలయం పెట్టుకుంటే, ఫీజు పంచుకుంటాయి, లెక్కలు ఒకచోట ఉంటాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబరులో సొంత అటవీ, కలప ధ్రువీకరణ పథకం ప్రారంభించింది.

రెండవది కాగితాలు. సరుకు ఏ అడవిది, ఎవరు ఏరారు, ఏ తేదీన, ఎన్ని కిలోలు, ఎంత ధర, ఎవరికి అమ్మారు, ఇవన్నీ రాసి ఉండాలి. ధ్రువీకరించిన సరుకును మామూలు సరుకుతో కలపకూడదు. ఏరే హక్కు చట్టబద్ధంగా ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు అడవిలో తరతరాలుగా బతుకుతున్నవారిదేనని ఒప్పుకుంది. ముందు ఆ హక్కుపత్రం, తర్వాతే సర్టిఫికెట్.

యౌవనస్థులారా, ఇక్కడే మీ అవసరం ఉంది. మీలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేక మరాఠీ లేక కన్నడ వచ్చు. ఫోనులో లెక్క రాయడం వచ్చు. వారానికి ఒక సాయంత్రం మందిరం వరండాలో కూర్చుని నాలుగు చిన్న యూనిట్లకు రిజిస్టర్లు రాసిపెట్టండి. దరఖాస్తుకు ముందు కొనేవారిని అడిగించండి: "ఈ ముద్ర ఉంటే ఎక్కువ ధర ఇస్తారా? ఏ ముద్ర కావాలి?" జవాబు లేకుండా అప్పు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవద్దు. అనుమతి లేకుండా లోగో అచ్చువేసుకోవడం అబద్ధసాక్ష్యమని కూడా చెప్పండి.

చివరిగా ఒక హెచ్చరిక. ముద్ర కొట్టు గోడకు వేలాడుతూ, ఏరిన అక్కకు పాత ధరే అందితే, అది సామెతల గ్రంథం అసహ్యించుకున్న దొంగత్రాసే. గ్రూపు పెట్టేటప్పుడే పెరిగిన ధరలో ఆమె వాటా ఎంతో రాసుకోండి. ఆ కమిటీలో ఆమెకు కుర్చీ వేయండి.

స్టీవార్డ్‌షిప్ అనే మాట మనకు కొత్త కాదు, అది గృహనిర్వాహకత్వమే. భూమి ప్రభువుది, మనం లెక్క అప్పగించవలసినవాళ్లం. ఆ లెక్క నమ్మకంగా రాసే చేతులు ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.