గగనమార్గము – గ్రామమార్గము
(పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)

గ్రామ పంచాయతి సభ్యులారా,

విమానప్రయాణము పట్టణవాసులకే గాని మనకేల యని చాలకాలము తలచితిమి. నేడు చదువునకు, ఉద్యోగమునకు, వైద్యమునకు పల్లెల నుండియు విమానమెక్కువారు కలరు. కావున గన్నవరము నుండి విశాఖపట్టణమునకు గల దూరమును, పట్టుకాలమును ఒకపరి లెక్కవేసి చూతము.

పటముపై గన్నవరము నుండి విశాఖ పాత విమానాశ్రయమునకు తిన్నగా గీత గీచినచో ఇంచుమించు 290 కిలోమీటర్లు వచ్చును. విజయవాడ, విశాఖల నడుమ రైలుమార్గము 350 కిలోమీటర్లు. నేలబాట ఊళ్ళను కలుపుచు, గోదావరిని వంతెనపై దాటుచు సాగవలెను. ఆకాశమున నట్టి నిర్బంధము లేదు. పంకాలతో నడచు చిన్న విమానము గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగమున బోవును. ఆ లెక్కకు 35 నిమిషములు చాలును. అయినను కాలపట్టికలో ఇంచుమించు గంట చూపుదురు. ఏలయన, విమానము రన్‌వే వరకు మెల్లగా నడువవలెను. ఎక్కునపుడును, దిగునపుడును పూర్తివేగము కుదరదు.

ఇక మన లెక్క చూతము. దివిసీమలోని యొక గ్రామమున రోగి కలడనుకొందము. విశాఖలోని పెద్ద ఆసుపత్రికి పోవలెను. గన్నవరము చేరుటకు రెండు గంటలు, అచ్చట తనిఖీలకు కనీసము గంట, గగనమున గంట, దిగి ఆసుపత్రి చేరుటకు మరియొక గంట. మొత్తము 5 గంటలు. విజయవాడ నుండి వందే భారత్ రైలెక్కినచో, రైలులోనే సుమారు 4 గంటలు, ముందువెనుకల ప్రయాణముతో ఆరున్నర గంటలు దాటును. అనగా విమానమువలన కలిసివచ్చునది గంటన్నర మాత్రమే.

ఊరి నుండి పెద్దరోడ్డునకు గల బాటలో కల్వర్టు కూలి, చుట్టుదారిన గంట పట్టినచో ఆ లాభములో చాలభాగము కరగిపోవును. అంతకన్న కీడు మరియొకటి కలదు. బస్సు తప్పిన మరియొక బస్సు వచ్చును. విమానము తప్పిన ఆ దినమున వేరొకటి లేకపోవచ్చును. టిక్కెట్టు సొమ్మును పోవచ్చును.

విమానాశ్రయము దూరమైనకొలది నేలబాట విలువ హెచ్చును. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన భోగాపురము విమానాశ్రయము విశాఖ నగరమునకు 40 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. గాలిలోని వేగమెంతయైనను నేలపై పోగొట్టుకొన్న కాలమును తిరిగి తేజాలదు.

సభ్యులారా, ఆకాశమార్గము మన యధీనములో లేదు. ఊరిబాట మన యధీనములోనిది. 1994 నాటి పంచాయతి రాజ్ చట్టము గ్రామరోడ్ల నిర్వహణను పంచాయతి విధులలో జేర్చినది. కావున వానలకు ముందే కల్వర్టులను చూడుడు. గుంటలను పూడ్పించుడు. రోడ్డు అంచులను ఆక్రమింపనీయకుడు. బస్సు ఆగుచోట దీపము వెలుగునట్లు చేయుడు. తమ పరిధిలో లేని రోడ్డు చెడినచో తీర్మానము చేసి సంబంధిత శాఖకు పంపుడు.

ప్రయాణము విమానాశ్రయమున గాక మన వాకిటనే మొదలగును. ఆ మొదటి మైలును చక్కజేయుట మన బాధ్యత.