ఇన్వర్టరుకు తగిన ఫ్యాను



నేను ఇంజనీరును కాను, గుమాస్తాగా రిటైరయినవాణ్ణి. కూడికలూ తీసివేతలూ మాత్రం వచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖను తాకింది. కరెంటు పోయింది. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉందికదా అని నా ధీమా. గాలివానకు తలుపులు బిగించుకుని, సాయంత్రం రెండు ఫ్యాన్లు, ఒక ట్యూబులైటు వేశాం. అర్ధరాత్రికల్లా అన్నీ ఆగిపోయాయి. మా ఆవిడకు ఉబ్బసం. తెల్లవార్లూ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను.

తర్వాత లెక్క వేశాను. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30. బ్యాటరీ 12 వోల్టులది. 150తో హెచ్చవేస్తే 1800 వాట్ అవర్లు. చేతికి 1200 వస్తే గొప్ప. ఆ రాత్రి వాడకానికి అది ఆరు గంటలు. ఒక్క కొత్త ఫ్యానుకయితే, ఇన్వర్టరు తాను తినేది పోనూ, ఒక పగలూ ఒక రాత్రీ!

కొనేటప్పుడు వాట్లతోపాటు గాలి ఎంత ఇస్తుందో కూడా పెట్టెమీద చూడండి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి.

బిగించేటప్పుడు పాత రెగ్యులేటరు తీయించి తిన్నగా కలిపించాలి. మా ఇంటికొచ్చిన కుర్రాడు "ఉంటే ఏమవుతుంది తాతగారూ" అని వదిలేశాడు; మళ్ళీ పిలిపించాను. కొక్కెం దగ్గర అరిగిన రబ్బరు మార్పించండి, సగం చప్పుడు అక్కడిదే.

ధర ఎక్కువే. డీఏ బకాయి వచ్చిన నెలలో కొన్నాను. పాతది ఇన్వర్టరుమీద తుమ్మెదలా రొద పెట్టేది. ఇది తిరుగుతోందో లేదో తలెత్తి చూడాలి. చప్పుడు లేక నిద్రపట్టడం లేదని మా ఆవిడ వారంపాటు సణిగింది. ఇప్పుడు రిమోటు ఆవిడ దిండు కిందే ఉంటుంది.