నీలకంఠమా, పాలపిట్టా?

(కళాశాల గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అనువాద వృత్తిలో నేను చేసిన ఒక పొరపాటుతో ప్రారంభిస్తాను. ఒక హిందీ వ్యాసంలో ‘నీల్‌కంఠ్’ అన్న మాట వచ్చింది. సంస్కృతంలో నీలకంఠ శబ్దానికి నెమలి అనే అర్థం కూడా ఉన్నది గనుక, నెమలి అనే వ్రాశాను. విజయదశమినాడు ఉత్తరాదివారు శుభసూచకంగా దర్శించే ఆ పక్షి, అదే రోజున తెలంగాణ ప్రజలు ఊరి వెలుపల వెదకే మన పాలపిట్టేనని తరువాత తెలిసింది. నాకు మాట తెలుసు, పిట్ట తెలియదు.

ఆ లోటు తీర్చుకొనడానికి ‘ఈబర్డ్’లో చేరాను. అమెరికాలో 2002లో ప్రారంభమైన ఈ అంతర్జాల వేదికలో ఎవరైనా పాల్గొనవచ్చును. ఎక్కడ, ఎంతసేపు, ఎంత దూరం నడిచి చూచినదీ తెలిపి, గుర్తించిన పక్షులన్నిటినీ లెక్కతో వ్రాయాలి. కాకిని, గోరింకను విడిచిపెట్టరాదు. జాబితా సమగ్రమైనప్పుడే, ఒక పక్షి కనబడలేదన్న సంగతికీ విలువ కలుగుతుంది.

నేను పాలపిట్టను చూచి, నీలకంఠమన్న పేరును నమ్మి, కంఠం నీలంగా ఉండే యూరపు జాతిని నమోదు చేశాను. ఆ జాతి వలసకాలంలో మన వాయవ్య ప్రాంతాల మీదుగా సాగిపోతుంది, దక్షిణాదిలో అరుదు. అటువంటి నమోదులను స్వచ్ఛందంగా సరిచూచే పరిశీలకులొకరు, “రొమ్ము ఏ రంగు?” అని అడిగారు. మరునాడు వెళ్ళి చూస్తే రొమ్ము గోధుమవన్నె! నీలమంతా నడినెత్తిన, రెక్కలలో, తోకలో ఉన్నది. పేరు నన్ను రెండవసారి మోసగించింది. ఒక చిన్న ప్రశ్న నాకు చూడడం నేర్పింది.

ఇటువంటి నమోదులు వ్యర్థం కావు. 30,000 మందికి పైగా పరిశీలకులు అందించిన మూడు కోట్లకు మించిన నమోదుల ఆధారంగా 2023లో భారతదేశపు పక్షుల స్థితిగతులపై నివేదిక వెలువడింది. తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్ట పన్నెండేళ్ళలో సుమారు 30 శాతం తగ్గినట్లు అందులో తేలింది. నిత్యం కనిపించే పిట్ట క్రమంగా తరిగిపోతుంటే ఏ ఒక్కరి కన్నూ పసిగట్టజాలదు. ఇటువంటప్పుడు దసరాకు దానిని పట్టి పంజరంలో చూపడం ఎంతటి అన్యాయమో ఆలోచించండి.

మిత్రులారా, రేపు ఉదయం ఈ ఆవరణలోని చెట్లక్రింద పదిహేను నిమిషాలు నిలబడండి. చూచినది వ్రాయండి. గుర్తు తెలియని పిట్టకు పేరు కల్పించకండి. ‘తెలియదు’ అని వ్రాసి, మరునాడు మరల చూడండి.