ఇంట్లోనే సిమెంటు తొట్లు: నేను పగలగొట్టుకున్న ఆరు తొట్ల కథ

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మా వైపు మేడ మీద మొక్కలంటే సగం ఇళ్ళలో పురుగుమందు డబ్బాల్లోనే ఉంటాయి. పత్తి, మిరప వేసే ఊరు కదా, ఖాళీ డబ్బాలకి కొదవ లేదు. ఎంత కడిగినా వాటిని ఇంటికి తేవద్దండీ, ముఖ్యంగా ఆకుకూరలకి. అందుకే నేను సిమెంటు తొట్లు మొదలుపెట్టా.

పోయిన మే నెలలో ఆరు పోశాను. మర్నాడే అచ్చు తీసేసి, కళ్ళంలో మిరపకాయలు పోసినట్టు మేడ మీద ఎండలో పెట్టా. నాలుగు అంచుల దగ్గర నెర్రెలు ఇచ్చాయి. మా వీధి తాపీమేస్త్రి చూసి, "ఆరబెట్టడానికి ఇవేమైనా వడియాలా బాబూ?" అన్నాడు. బీటెక్ చదివిన నాకు అప్పటిదాకా తెలీదండీ. నీళ్ళతో కలిసి రసాయనికంగా మారితేనే సిమెంటు గట్టిపడుతుంది. ఆ పని జరుగుతుండగానే నీళ్ళు ఆవిరైపోతే మధ్యలో ఆగిపోతుంది. బస్తా మీద 53 గ్రేడ్ అని ఉంటుంది చూడండి, ఆ బలం లెక్క కట్టేది 28 రోజులకి.

మిగిలిన రెండిట్లో ఒకదాంట్లో అమ్మమ్మ ఇంటి మల్లె అంటు పెట్టాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, పడగొట్టేశారు. మూడు వారాల్లో ఆకులు పసుపయ్యాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. తర్వాత మొక్కే పోయింది. కొత్త సిమెంటులో సున్నం ఊరుతుంటుంది, తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది. ఆ క్షారంలో మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. దానికి తోడు నేను పోసింది మన నల్లరేగడి. అసలే క్షారం ఉన్న నేల, పైగా తడిస్తే ఉబ్బి తొట్టి గోడల్ని నెడుతుంది. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలుపుకోండి.

ఇప్పుడు పద్ధతి చెప్తా. పెద్ద పెయింటు బకెట్ ఒకటి, చుట్టూ రెండంగుళాలు ఖాళీ ఉండేలా లోపల ఇంకోటి. సిమెంటు తగిలే వైపులకి పాత నూనె రాయండి. సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీళ్ళు కారకూడదు. గ్లవ్స్ మర్చిపోవద్దు, నా వేళ్ళు రెండు రోజులు మండాయి. అడుగున చిల్లికి పీవీసీ పైపు ముక్క. లోపలి బకెట్‌లో బరువుకి ఇసుక పోసి, బయట తట్టుతూ ఉంటే బుడగలు పోతాయి.

24 గంటలకి అచ్చు తీసి, నీడలో పెట్టి, తడి గోనె సంచులు చుట్టండి. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10. మన ఎండలకి రోజుకి మూడుసార్లు తడపాల్సిందే. ఆ తర్వాత చిల్లి మూసి నీళ్ళు నింపండి. రెండు వారాలు రోజూ మార్చండి. విసుగే! మా అమ్మ అయితే "ఇంతకంటే కొనుక్కోవచ్చు కదరా" అంది.

మల్లె సంగతి... అద్దంకిలో మా పిన్ని ఎప్పుడో అమ్మమ్మ దగ్గర అంటు తీసుకుందట. మొన్న అది అడిగి తెచ్చా. ఇదిగో, ఈ మూలనున్న తొట్టిలోదే. రెండు చిగుళ్ళు వేసింది, ఇంకా మొగ్గ రాలేదు. వస్తే చూపిస్తా. ఉంటానండీ.